అయిదు వందల ల్యాప్‌టాప్ వస్తోందట!

పోయిన సంచికలో బంగారు నగల మీద అప్పుల సంగతి రాస్తానన్నాను. దాన్ని వచ్చే సంచికకు జరుపుతున్నాను, ఏమీ అనుకోకండి. ఈ మూడు నెలల్లో మా కల్లూరులోనూ, చుట్టుపక్కల క్యాంపుల్లోనూ కనిపించిన ప్రతివారూ బంగారం ధర అడగడం మానేసి ల్యాప్‌టాప్ ధర అడుగుతున్నారు. "కొత్త మోడలు వస్తోందటగా! పాతవాటి ధర సగానికి పడిపోతుందట! అప్పటిదాకా ఆగమంటారా?" అని. బ్యాంకులో పనిచేసేవాడికి ఇలాంటివన్నీ ముందే తెలుస్తాయని మనవాళ్ల గట్టి నమ్మకం. రిజర్వు బ్యాంకు గవర్నరు రోజూ పొద్దున్నే నాతో కలిసి కాఫీ తాగుతాడనుకుంటారు కాబోలు.

మన తెలుగులో "అట" అని ఒక చిన్న మాట ఉంది చూశారూ, దాని మహిమ అంతా ఇంతా కాదు. వస్తుందట, ఇస్తారట, తగ్గుతుందట. చెప్పినవాడికి పూచీ లేదు, విన్నవాడికి ఆధారం లేదు. మా భాషలో చెప్పాలంటే సంతకం లేని చెక్కు. అయినా చేతులు మారుతూనే ఉంటుంది. మన జిల్లాలో తుంగభద్ర ఎడమ కాలువ చివరి ఆయకట్టు రైతులకు ఈ "అట" కొత్తేమీ కాదు. జులై వచ్చిందంటే కాలువ ఫలానా తారీఖున వదులుతారట అనే మాటతోనే నారుమళ్లు తడుస్తాయి. 2024 ఆగస్టు 10 రాత్రి డ్యాము 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయిన తరువాత ఆ వారం రోజుల్లో ఎన్ని "అట"లు విన్నామో మీకందరికీ గుర్తే. అదిగో పులి అంటే ఇదిగో తోక.

ల్యాప్‌టాప్‌ల విషయంలో ఇలాంటి "అట"లన్నిటికీ పెద్దన్న లాంటిది ఒకటి మన తెలుగు గడ్డ మీదే, అదీ తిరుపతిలో జరిగింది. 2009 ఫిబ్రవరి 3, మంగళవారం. చాలామంది మరచిపోయారు గానీ, ఇప్పుడు మనవాళ్లు అడుగుతున్న ప్రశ్నకు అందులో సగం జవాబు ఉంది కాబట్టి కొంచెం వివరంగానే చెబుతాను.

ముందు అమెరికా సంగతి. అక్కడి ఎంఐటీ విశ్వవిద్యాలయానికి చెందిన నికొలస్ నెగ్రొపాంటీ అనే ఆచార్యుడు, పేద దేశాల పిల్లలకు వంద డాలర్లకే ల్యాప్‌టాప్ ఇస్తానని 2005లో ప్రకటించాడు. ఆ ఏడాది నవంబరులో ట్యునీషియా దేశంలో జరిగిన ప్రపంచ సభలో, అప్పటి ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ పక్కన నిలబడి దాని నమూనాను చూపించాడు. కరెంటు లేని ఊళ్లలో చేత్తో తిప్పుకోవడానికి దానికి ఒక పిడి పెట్టారు. సభలోనే ఆ పిడి ఊడి చేతికి వచ్చిందని చెప్పుకుంటారు. మన కేంద్ర మానవ వనరుల శాఖ 2006లో ఆ యంత్రం మాకు వద్దంది. వద్దన్నాక, "అంతకంటే చౌకగా మేమే చేస్తాం" అనే మాట ఢిల్లీలో పుట్టింది.

2008 జులైలో ఆ శాఖ సహాయమంత్రిగా ఉన్న దగ్గుబాటి పురందేశ్వరిగారి నోట పది డాలర్ల ల్యాప్‌టాప్ అనే మాట వచ్చిందని పత్రికల్లో పడింది. పది కాదు, వంద అని చదువుకోవాలి, ఒక సున్నా జారిపోయిందని వెంటనే దిద్దుబాటు మాట కూడా వచ్చింది. కానీ దిద్దుబాటును ఎవరు చదువుతారండీ? మా బ్యాంకులో కూడా అంతే. వడ్డీ తగ్గిందన్న వార్త ఊరంతా తెలుస్తుంది, కిందనున్న షరతులు ఎవరికీ తెలియవు. ఆరు నెలలు గడిచాయి. 2009 జనవరిలో ఉన్నత విద్యా శాఖ కార్యదర్శే, ప్రస్తుతం ఇరవై డాలర్లు పడుతోంది, లక్షల్లో తయారుచేస్తే పదికి దిగుతుంది అన్నారు. వెల్లూరు వీఐటీ, బెంగుళూరు ఐఐఎస్సీ, మద్రాసు ఐఐటీ కలిసి చేశాయని పెద్ద పెద్ద పేర్లు వినపడ్డాయి. ఆవిష్కరణ తిరుపతిలో, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో అని తేదీ కూడా వచ్చింది. ఇక చూడండి, లండను నుంచి న్యూయార్కు దాకా పత్రికలన్నీ తిరుపతి వైపు చూశాయి. డాలరు అప్పట్లో నలభై తొమ్మిది రూపాయల దగ్గర ఉంది. కాబట్టి మనవాళ్ల నోట అది "అయిదు వందల ల్యాప్‌టాప్" అయింది.

అప్పుడు నేను వేరే ఊరి శాఖలో ఉన్నాను. ఒక పెద్దాయన పాసుబుక్కు తెచ్చి వెయ్యి రూపాయలు తీసుకుని, "తిరుపతి పోతున్నానండీ మేనేజరుగారూ! మొక్కూ తీరుతుంది, మనవడికి ఆ ల్యాప్‌టాపూ వస్తుంది. టోకెన్లు కొండ మీద ఇస్తారా, కిందనే ఇస్తారా?" అని అడిగారు. లడ్డూ టోకెన్లు తీసుకున్న అనుభవం ఆయనది. నవ్వు వచ్చిన మాట నిజమే గానీ, ఆయన ప్రశ్నలో తప్పేముంది? దేశ ప్రభుత్వమే చెబుతోంది, దేవుడి సన్నిధిలో ఇస్తామంటోంది. ఇంకేం కావాలి నమ్మడానికి?

ఆ రోజు రానే వచ్చింది. కేంద్రమంత్రి అర్జున్ సింగ్ ఆవిష్కరించారు. బయటపడినది దాదాపు పదంగుళాల పొడవు, అయిదంగుళాల వెడల్పు ఉన్న ఒక పెట్టె. తెర లేదు, మీటలు లేవు. పాఠాలు దాచిపెట్టి, వేరే కంప్యూటరుకు తగిలించి చూసుకునే సాధనం. ధర కూడా పది కాదు, ముప్ఫై డాలర్ల దాకా అవుతుందన్నారు. వచ్చిన విలేకరులు ముఖాలు చూసుకున్నారు. మరునాటి పత్రికల్లో వెటకారమే వెటకారం. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత దీనికి సరిపోయినట్టు మరి దేనికీ సరిపోదు.

నేను చదివింది బీకాం. యంత్రం లోపల ఏముందో నాకు తెలియదు, తెలియాల్సిన అవసరం కూడా లేదు. లెక్క వేస్తే చాలు. నెగ్రొపాంటీ దగ్గర ఎంఐటీ పేరు ఉంది, లక్షల ఆర్డర్ల ఆశ ఉంది, లాభం వద్దనుకున్న సంస్థ ఉంది. అయినా 2007 చివర్లో తయారీ మొదలయ్యేసరికి వంద డాలర్ల యంత్రం 188 డాలర్లు తేలింది. అప్పట్లో చౌక అనుకున్న ఆసుస్ వారి బుల్లి ల్యాప్‌టాప్, ఏడంగుళాల తెరది, మన దేశంలో 2008లో సుమారు 18,000 రూపాయలకు వచ్చింది. ఇవన్నీ పత్రికల్లో ఉన్న అంకెలే. వీటి పక్కన అయిదు వందలు పెట్టి చూస్తే, అందులో తెర ఖర్చయినా వెళ్తుందా అని అడగడానికి ఇంజనీరు కానక్కరలేదు, కిరాణా కొట్టు గుమాస్తా చాలు. కానీ ఆ కూడిక ఎవరూ చేయలేదు. కావాలనుకున్న అంకె చెవిన పడితే మనిషి కూడిక మానేస్తాడు. ఇరవై రెండు శాతం వడ్డీ ఇస్తామన్న చిట్‌ఫండుల ముందు కూడా నేను ఇదే చూశాను.

అన్నిటికంటే నాకు బాధ అనిపించేది మరొకటి. ఆ రోజు తిరుపతిలో నిజంగా మొదలైంది ల్యాప్‌టాప్ కాదు, ఒక జాతీయ విద్యా పథకం. పదకొండో ప్రణాళికలో దానికి 4,612 కోట్లు కేటాయించారు. పద్ధెనిమిది వేల పైచిలుకు కళాశాలలకు ఇంటర్నెట్టు, ఐఐటీ ఆచార్యుల పాఠాలు వీడియోల రూపంలో, ఇంట్లో కూర్చుని చేసే ప్రయోగశాలలు, ఇవన్నీ ఆ పథకం ఖాతాలోవే. ఎన్‌పీటెల్ పాఠాలు ఈ రోజు మన పిల్లలు ఉచితంగా చూస్తున్నారంటే ఆ డబ్బు కూడా అందులో ఉంది. 2017లో వచ్చిన స్వయం పోర్టలు కూడా ఆ దారిలోదే. ఆ రోజున ఈ కబురు శీర్షికల్లోకి ఎక్కనే లేదు. లేని ల్యాప్‌టాప్ ఉన్న పాఠాలను మింగేసింది.

కథ అక్కడితో ఆగలేదు. 2010 జులైలో కపిల్ సిబల్ 1,500 రూపాయల పలక నమూనా చూపించారు. 2011 అక్టోబరు 5న అది "ఆకాశ్" పేరుతో విడుదలైంది. డేటావిండ్ అనే కంపెనీది. బిగించింది మాత్రం మన హైదరాబాదులోనే. ఏడంగుళాల తెర, గోటితో నొక్కితేగాని పలకదు. ప్రభుత్వానికి పడిన ధర యాభై డాలర్ల దగ్గర తేలింది. వెక్కిరించినవాళ్లు చాలామంది. నేను వెక్కిరించను. అయిదు వందలు అన్నది గాలిమాట, ఆకాశ్ చేతిలో పట్టుకుని చూసిన వస్తువు. వస్తువైతే బాగుందనో బాగాలేదనో అనవచ్చు. గాలిమాటను ఏమని పరీక్షిస్తాం? 2016 ఫిబ్రవరిలో 251 రూపాయలకే స్మార్ట్‌ఫోను అన్నప్పుడు కూడా జనం వెబ్‌సైటు కూలిపోయేటంతగా ఎగబడ్డారు. ఏడేళ్లలో తిరుపతి పాఠం మరుగున పడింది.

ఇంతకీ కొత్త ల్యాప్‌టాప్ రాకముందే ఈ కబుర్లు ఎక్కడ పుడతాయి? అన్నీ ఉత్తుత్తివి కావు. మన దేశంలో ల్యాప్‌టాప్ అమ్మాలంటే భారతీయ ప్రమాణాల సంస్థలో నమోదు తప్పనిసరి. 2013 నుంచి ఈ నిబంధన అమల్లో ఉంది. ఆ జాబితాలో మోడలు నంబరు కనపడగానే పసిగట్టే విలేకరులు ఉన్నారు. జనవరిలో అమెరికాలోని లాస్ వేగాస్‌లో పెద్ద ప్రదర్శన జరుగుతుంది, ఆ ఏడాది రాబోయేవి చాలావరకు అక్కడ చూపిస్తారు. అంటే, వస్తోందన్న మాట సాధారణంగా నిజమే అవుతుంది. ఎప్పుడు, ఎంతకు అన్న దగ్గరే కథలు అల్లుకుంటాయి. రిలయన్స్ వారి జియోబుక్ చూడండి. 2022 అక్టోబరులో దాని గురించి పదిహేను వేలు అని వార్త వచ్చింది. ఆ నెలలోనే ప్రభుత్వ కొనుగోళ్ల వెబ్‌సైటులో 19,500కి కనిపించింది. 2023 జులై ఆఖరున మారిన రూపంతో 16,499కి ప్రకటించారు. కబురు మరీ దూరం పోలేదు.

ఆగడం వల్ల నష్టం ఒక్క కొనేవాడికే కాదు. రాయచూరు బజారులో ల్యాప్‌టాప్‌లు అమ్మే దుకాణదారు వైపు నుంచి కూడా చూడాలి. అతను సొంత డబ్బుతో సరుకు తెచ్చిపెట్టుకోడు. బ్యాంకులో క్యాష్ క్రెడిట్ ఖాతా ఉంటుంది. నెలనెలా స్టాకు స్టేట్‌మెంటు ఇస్తాడు, మేము మార్జిను తీసేసి డ్రాయింగ్ పవర్ కడతాం. బియ్యం అయితే పాతబడేకొద్దీ విలువ పెరుగుతుంది, సోనా మసూరి పాతవే కావాలని మీరంతా అడుగుతారు. ల్యాప్‌టాప్ అలా కాదు, అరలో ఉన్నకొద్దీ తరుగుతుంది. "కొత్తది వస్తోందట" అని జనం ఆగిపోతే సరుకు కదలదు, విలువ పడుతుంది, పరిమితి కుంగుతుంది, వడ్డీ మాత్రం తన దారిన తాను నడుస్తుంది. అందుకే దసరా ముందు తగ్గింపు బోర్డు కడతాడు. అది దయ కాదు, స్టాకు ఖాళీ చేసుకోవడం. మీకు లాభమే, కాదనను.

దీనికి ప్రపంచ ప్రసిద్ధి చెందిన ఉదాహరణ ఒకటుంది. ఆడమ్ ఆస్‌బోర్న్ అనే ఆయన 1981లో పెట్టెలా మోసుకుపోయే కంప్యూటరు తెచ్చాడు. పదకొండు కిలోల బరువు, అయిదంగుళాల తెర, 1,795 డాలర్లు. విపరీతంగా అమ్ముడుపోయింది. 1983లో దానికంటే మంచిది తెస్తున్నానని ముందే చెప్పేశాడు. జనం ఉన్నదాన్ని కొనడం మానేశారు. ఆ సెప్టెంబరులోనే కంపెనీ దివాళా తీసింది. తన కబురు తననే ముంచింది అంటారు. పోటీ కంపెనీలు, తప్పుడు ఖర్చులు కూడా కారణమేనని కొందరి వాదన. అన్నీ కలిసే ముంచి ఉంటాయి, ఏ దివాళా ఫైలు తెరిచినా ఒకే కారణం ఉండగా నేను చూడలేదు.

రాబోయేది చౌక అన్న పుకారు ఒక రకం అయితే, రేపటి నుంచి దొరకవు అన్నది రెండో రకం. 2023 ఆగస్టు 3న ల్యాప్‌టాప్‌ల దిగుమతికి లైసెన్సు కావాలని కేంద్రం ఆ రోజునుంచే అమలయ్యేలా ఉత్తర్వు ఇచ్చింది. మరునాడే దాన్ని మూడు నెలలు వాయిదా వేసింది. తరువాత ముందు నమోదు చేయించుకుంటే చాలునన్న పద్ధతి వచ్చింది. ఆ మధ్యలో "ఇక కరువేనట" అని రెండు మూడు వేలు ఎక్కువ పెట్టి కొన్నవారు మన సంఘంలోనే ఉన్నారు. పేర్లు చెప్పను, దసరా సంబరాలకు నన్ను పిలవడం మానేస్తారు.

ఇక అసలు సంగతికి వస్తాను. పక్క క్యాంపులో పత్తి రైతు ఒకాయన ఉన్నారు. పెద్దమ్మాయి రాయచూరులో బీసీఏలో చేరింది. చేరినప్పుడే నలభై వేలలో ల్యాప్‌టాప్ చూసిపెట్టాం. ఆయన దసరాకు తగ్గుతుందట అన్నారు. దసరాకు సంక్రాంతి అన్నారు. సంక్రాంతికి కొత్త మోడలు వస్తోందట, ఉగాదికి కొందామన్నారు. ఆ పిల్ల ఫోనులో ప్రోగ్రాములు కొట్టుకుంటూ, ఆదివారాలు స్నేహితురాలి ఇంటికి పోయి రికార్డు పూర్తి చేసుకునేది. ఒకరోజు బ్యాంకుకు వచ్చి, "బాబాయిగారూ, నాన్నకు మీరు చెప్తే వింటారు. నాకు కొత్తది అక్కరలేదు, ఏదో ఒకటి చాలు" అంది. ఆఖరికి సికింద్రాబాదు పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటరుకు పోయి తెచ్చారు. మొదట చూసిన ధర కంటే 2,300 తక్కువకు వచ్చిందని ఆయనకు సంతోషం. అప్పటికి ఆరు సెమిస్టర్లలో మూడు అయిపోయాయి.

ఆదాయపు పన్ను లెక్కల్లో కంప్యూటరుకు ఏటా 40 శాతం తరుగుదల తీసివేస్తారు. 2017 దాకా అయితే 60 శాతం. అంటే నలభై వేల యంత్రం ఏడాదికి 24,000, రెండేళ్లకు 14,400. ఎప్పుడు కొన్నా ఈ తరుగు తప్పదు. వచ్చే నెల ఇంకో కొత్తది వస్తుంది, ఆ పైనెల మరొకటి. ఏదో ఒకనాడు ధర పడటం ఆగిపోతుంది, అప్పుడు కొందామనుకునేవారు కృష్ణ ఒడ్డున కూర్చుని నీళ్లన్నీ పోయాక దాటుదామనుకున్నట్టే. పని ఉన్నవారు ఇప్పుడే కొనుక్కోవాలి, పని లేనివారు ఎప్పుడూ కొననక్కరలేదు. చదువుకునే పిల్లకు పని ఉంది.

ఆ రైతుగారిని నేను తప్పు పట్టను. పత్తి ధర క్వింటాలుకు ఎంత పలుకుతుందో తెలియకుండా అమ్ముకునే మనిషి, కొనేచోట మాత్రం ఇంకా తగ్గుతుందేమోనని ఆగడా?

ఆయనను మించిన ప్రమాదం ఇంకొకటి ఉంది. ప్రభుత్వం విద్యార్థులకు ఉచిత ల్యాప్‌టాప్ ఇస్తోందట, ఈ లింకు నొక్కి పేరు నమోదు చేసుకోండి అని వాట్సాప్‌లో వస్తుంటుంది. పేర్లు మారతాయి, మాట ఒకటే. కేంద్ర ప్రభుత్వ సమాచార సంస్థ ఇవి అబద్ధమని ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ పుడుతూనే ఉన్నాయి. జనం ఎందుకు నమ్ముతారంటే, నిజంగా పంచిన ప్రభుత్వాలు ఉన్నాయి కాబట్టి. తమిళనాడులో 2011 నుంచి, ఉత్తరప్రదేశ్‌లో 2013లో, మన కర్ణాటకలో ప్రభుత్వ డిగ్రీ కళాశాలల పిల్లలకూ ఇచ్చారు. ఏదీ రుసుము పుచ్చుకుని ఇచ్చింది కాదు. నమోదు రుసుమనో, కొరియరు ఖర్చనో డబ్బు అడిగారంటే అక్కడే ఫోను కింద పెట్టండి. ఒకవేళ పంపేసి ఉంటే సిగ్గుపడి దాచకండి, వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి, బ్యాంకుకు చెప్పండి. గంటలో చెబితే ఆ డబ్బు ఎక్కడో ఒక ఖాతాలో ఆపే వీలుంటుంది. మూడోనాడు వచ్చి చెబితే మేము కాగితాలు రాసుకోవడం తప్ప చేయగలిగింది తక్కువ.

ఈ జూనులో పిల్లలను చేర్పించేవారికి ఒక్క మాట. బ్యాంకుల సంఘం రూపొందించిన విద్యారుణ పథకంలో ఫీజు, హాస్టలుతో పాటు, కోర్సు పూర్తి చేయడానికి కావలసిన కంప్యూటరు ఖర్చు కూడా చేర్చవచ్చు. చాలామంది అడగరు, కాబట్టి మావాళ్లు కొందరు చెప్పరు. 4 లక్షల వరకు మీ వాటా డబ్బు కట్టనక్కరలేదు. 7.5 లక్షల వరకు తల్లి గానీ తండ్రి గానీ సంతకం చేస్తే చాలు, పొలం కాగితాలు అడగరు. ప్రవేశం ఇచ్చినట్టు కళాశాల ఇచ్చే ఉత్తరం, ఫీజుల పట్టిక, ఆ కోర్సుకు కంప్యూటరు అవసరమని కళాశాల రాసిన ఒక ముక్క, దుకాణం నుంచి కొటేషను తెచ్చుకోండి. కొటేషను మాత్రం ఇప్పుడు దుకాణంలో ఉన్న యంత్రం మీదే తేవాలి. మొన్నొకాయన, వచ్చే నెల రాబోయే మోడలు పేరు మీద తెచ్చారు, ధర దగ్గర "సుమారు" అని రాసి ఉంది. దాన్ని తిరిగి ఇచ్చి పంపించాను.